బాబాయ్ పేజ్‌మేకర్, విండోస్ 11, మధ్యలో నేను

మా బాబాయ్‌కి తిరుమలగిరిలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు రిటైరైన మాష్టార్ల కవితల పుస్తకాలు... ఇవే ఆయన బిజినెస్. పోయిన నెల ఆయన ఎక్స్‌పీ మెషిన్ మదర్‌బోర్డు పోయింది. అదృష్టం, హార్డ్‌డిస్క్ బతికింది. కొత్త కంప్యూటర్ కొన్నాడు, దాంట్లో విండోస్ 11. పేజ్‌మేకర్ ఎలాగోలా ఎక్కింది గానీ, తెలుగు టైపు చేసే పాత ప్రోగ్రాం మొరాయించింది. "ఒరేయ్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరువి కదా, ఆ మాత్రం చెయ్యలేవా?" అని ఫోను. (ఈ మాట పడనివాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా?)

నేనూ అందరిలాగే సలహా పారేశా. "ఇంకా పేజ్‌మేకరేంటి బాబాయ్, ఇన్‌డిజైన్‌కి మారిపో." "మారితే ఇరవై ఏళ్ల ఫైళ్లు ఎవడు తెరుస్తాడ్రా?" అన్నాడు. చూస్తే ఆయన మాటే రైటు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబీ దాని డెవలప్‌మెంట్ ఆపేసింది. ఆ ఫైళ్లని 2012 నాటి ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా తెరిచేది, తర్వాత సీసీ నుంచి ఆ తలుపూ మూసేశారు.

చివరికి ఎక్స్‌టర్నల్ సీడీ డ్రైవ్ అరువు తెచ్చి, ఆయన పాత ఎక్స్‌పీ సీడీతో వర్చువల్‌బాక్స్‌లో ఒక మెషిన్ చేశా. దానికి నెట్ పూర్తిగా కట్ (ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి కదా). ఒక షేర్డ్ ఫోల్డర్. లోపల పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ప్రింట్ చేసి, బయటకొచ్చి పీడీఎఫ్ చేసుకోవడమే. సాయంత్రానికి శుభలేఖ ప్రెస్సుకెళ్లింది. బాబాయ్ ఖుష్.

నా గొడవ ఇప్పుడు మొదలవుతుంది. మనం "వీఎం పెట్టెయ్" అనేసి చేతులు దులుపుకుంటాం. అది గడువు పెంచుతుందే తప్ప అప్పు తీర్చదు. అసలు చిక్కు ప్రోగ్రాంలో లేదు, అక్షరాల్లో ఉంది. అను లాంటి ఆ కాలపు ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత కోడ్ లేదు. ఇంగ్లీషు కోడ్ల మీద తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలుగా అతికించారు. ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చి రాతే. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది, ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వచ్చింది. అయినా అచ్చు పని పాత దారిలోనే సాగిపోయింది. అందులో బాబాయ్ తప్పేం లేదు, ప్రెస్సు అదే అడిగేది మరి.

ఆ డిస్కులో ఒక మాష్టారి కథల పుస్తకం ఉంది. ఆయన ఇప్పుడు లేరు, కాపీలూ అయిపోయాయి. అందులో ఆయన పేరు తెలుగులో కొట్టి వెతికితే, సున్నా ఫలితాలు! పుస్తకం ఉన్నట్టా, లేనట్టా?

పాత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లని చూసి నవ్వడం మానేద్దాం. బ్యాంకుల్లో కోబాల్ ఇంకా నడుస్తుంటే నోరెత్తం, డీటీపీ ఆయన్ని మాత్రం వెక్కిరిస్తాం. పాత ప్రోగ్రాం నడవనివ్వండి, కానీ నడుస్తున్నప్పుడే లోపలున్న తెలుగుని బయటికి తియ్యండి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. వత్తుల దగ్గర తప్పులొస్తాయి కాబట్టి మనిషి చదివి దిద్దాల్సిందే. ఇప్పుడు ఆదివారాలు నేను కన్వర్ట్ చేస్తున్నా, బాబాయ్ ప్రూఫ్ చూస్తున్నాడు. మాష్టారి పుస్తకంలో మూడు కథలయ్యాయి.

మీ చుట్టాల్లోనూ ఇలాంటి డిస్కు ఒకటి ఉండే ఉంటుంది. మదర్‌బోర్డు పోకముందే ఓసారి అడిగి చూడండి.