కాగితం మీది వీరునికి కన్నీటి వీడ్కోలు

1970 మార్చి 24వ తేదీన టోక్యో నగరంలోని కోదన్షా ప్రచురణ సంస్థలో ఒక సంతాప సభ జరిగినది. కవి, నాటకకర్త షూజీ తెరాయామా దానికి సారథ్యం వహించారు. బౌద్ధ భిక్షువు మంత్రపఠనం చేయగా సుమారు 700 మంది నివాళులర్పించారు. మరణించినవాడు తోరు రికిషి అనే ముష్టియోధుడు. అతడు ఒక వారపత్రికలోని బొమ్మల కథలో పాత్ర మాత్రమే!

జపానులో బొమ్మల కథలను 'మాంగా' అంటారు. పిల్లలతోపాటు కార్మికులు, విద్యార్థులు కూడ వాటిని చదువుతారు. పై కథ పేరు 'అషితా నో జో', అనగా 'రేపటి జో'. 1968 నుండి 1973 వరకు వెలువడిన ఈ కథను ఇక్కి కాజివారా మరొక కలంపేరుతో వ్రాయగా, తెత్సుయా చిబా బొమ్మలు గీశారు. మాంగా చిత్రకారులలో జపాను ప్రభుత్వ సాంస్కృతిక పురస్కారాన్ని 2024లో మొదటిసారి అందుకొన్నది ఈ చిబాయే. దినకూలీలు నివసించే సాన్యా పేటకు చేరిన అనాథ యువకుడు జో, ఒంటికన్ను శిక్షకుని వద్ద ముష్టియుద్ధం నేర్చుకొనుట ఇందలి ఇతివృత్తం. బాలనేరస్థుల శిక్షణాలయంలో అతనికి ఎదురైన ప్రత్యర్థి రికిషి.

సాంకేతిక రంగంలోని వారికి ఇందులో ఆసక్తికరమైన విషయం ఒకటి ఉన్నది. చిబా తొలుత రికిషిని జో కంటె బాగా పొడగరిగా, దృఢకాయునిగా గీశారు. తరువాత వీరిరువురు వృత్తియోధులుగా తలపడవలసి వచ్చినది. ముష్టియుద్ధంలో ఒకే బరువు తరగతివారు మాత్రమే పోటీపడాలి. జో తరగతి బాంటమ్ వెయిట్. దాని పరిమితి సుమారు 53.5 కిలోలు. అచ్చయిన బొమ్మను వెనుకకు తీసుకొనలేరు గనుక కథయే బొమ్మకు లోబడినది. రికిషి తన దేహాన్ని కుదించుకొనవలసి వచ్చినది. జారీ అయిన డ్రాయింగునుబట్టి మిగిలిన పనులన్నీ సర్దుకొనుట మనకు తెలిసినదే.

రికిషి ఆహారం మానివేశాడు, నీరు మానివేశాడు. దాహం భరించలేక కొళాయిల వద్దకు పోగా అవి తీగెలతో బిగించి ఉన్నాయి. చివరకు పోటీలో గెలిచాడు. జోకు చేయి చాచుతూనే కుప్పకూలి మరణించాడు.

ఇది కేవలం కల్పన అని కొట్టివేయరాదు. రెండు మూడు రోజులలో తగ్గే బరువులో అధికభాగం నీరే. లీటరు నీరు పోతే కిలో బరువు తగ్గుతుంది. దానితోపాటు రక్తం చిక్కబడుతుంది, గుండెకు శ్రమ పెరుగుతుంది, దేహం చల్లబడే శక్తిని కోల్పోతుంది. శీతలీకరణ నీటిని తోడివేసి యంత్రాన్ని పూర్తి లోడుపై నడిపేవారు మనలో ఎవరైనా ఉన్నారా? 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు 33 రోజుల వ్యవధిలో ఇట్లు బరువు తగ్గించుకొంటూ మరణించారు. ఆ పిమ్మటనే అచ్చటి నిబంధనలు కఠినమైనవి.

మన దేశంలోను ఈ లెక్క అందరికీ తెలిసివచ్చినది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మల్లయోధురాలు వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల అధిక బరువు వలన తుదిపోరుకు అనర్హురాలైనది. నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల తరగతిలోను, 2023లో 50 కిలోల తరగతిలోను ముష్టియుద్ధంలో ప్రపంచ విజేతగా నిలిచినది. ఆ రెండు కిలోలు మనకు ఒక అంకె. క్రీడాకారిణికి ప్రతిదినం కంచం ముందు వేసుకొనే లెక్క.

మన కుటుంబాలలో బాక్సింగు, కుస్తీ, జూడో నేర్చే పిల్లలున్నారు. తల్లిదండ్రులను మేము కోరేది ఒక్కటే. పోటీ ముందు రోజు పిల్లవాడు మంచినీరు వద్దంటే దానిని పట్టుదలగా భావించి మెచ్చుకొనవద్దు. వెంటనే శిక్షకుని, వైద్యుని అడగండి. నెలల తరబడి క్రమంగా తగ్గించిన బరువు వేరు, రెండు రోజులలో ఎండగట్టిన బరువు వేరు. పై తరగతిలో పోటీచేయుట ఓటమి కాదు. రికిషికి ఆ అవకాశం లేకపోయినది, అతని బొమ్మ అప్పటికే అచ్చయి ఉన్నది. మన పిల్లలకు అట్టి నిర్బంధం లేదు.