మగవారి రొమ్ములో గడ్డ



స్తనమునకు వచ్చు రాచపుండు ఆడువారి వ్యాధి యని మనలో ననేకుల నమ్మకము. అది పొరబాటు. పురుషుని చనుమొన వెనుకను కొద్దిపాటి స్తనధాతువు కలదు. అందును క్యాన్సరు పుట్టవచ్చును. ఈ రోగులు 100 మందిలో పురుషుడు సుమారొక్కడే. 60 ఏండ్లు పైబడినవారిలో హెచ్చు.

అరుదు గదా యని యుపేక్షించుటయే ముప్పు. నేనెరిగిన యొక రైతు చనుమొన ప్రక్కనున్న గట్టి గడ్డను ఎనిమిది నెలలు కండువా చాటున దాచెను. నొప్పి లేదు గదా యనెడివాడు. నొప్పి లేకుండుట శుభసూచన యని యెవరు చెప్పిరో! క్యాన్సరు గడ్డ తరచుగా నొప్పి పెట్టదు. తుదకు పట్టణమునకు పోయి, పరీక్షగది తలుపుమీద స్త్రీ బొమ్మను చూచి సిగ్గుపడి తిరిగి వచ్చెను. ఆయనను నేను తప్పు పట్టజాలను. మగవారును రావచ్చునని ఒక్క పంక్తియైన వ్రాయని వారినే పట్టెదను.

వరిలో మొవ్వు ఎండినచో దుబ్బు చీల్చి పురుగును చూచెదము. మనుష్యుని అట్లు చీల్చి చూడరాదు గనుక చిత్రము కావలెను. 1913లో బెర్లినునందు ఆల్బర్టు సాలమను అను శస్త్రవైద్యుడు, కోసి తీసిన స్తనములకు ఎక్సురే తీసి పరిశీలించెను. నేటి మామోగ్రాము ఆ దారినే పెరిగినది. రొమ్మును రెండు పలకల నడుమ అదిమి తీయుదురు. మగవానికిని అదే యంత్రము. గడ్డ తగిలినచో 25 ఏండ్లు నిండినవారికి ముందుగా మామోగ్రాము, అంతకు చిన్నవారికి ముందుగా అల్ట్రాసౌండు తగునని అమెరికను కాలేజ్ ఆఫ్ రేడియాలజీవారి సలహా.

మగవారి రొమ్ము వాపులలో పెక్కు క్యాన్సరు కావు. హార్మోనుల హెచ్చుతగ్గులచేతను, కొన్ని మందులచేతను, కాలేయ వ్యాధిచేతను స్తనధాతువు పెరుగుట కలదు. అది చిత్రమున చనుమొనకు సరిగా వెనుక మంటవలె విచ్చుకొని కనబడును. క్యాన్సరు చాలవరకు కొంచెము ప్రక్కకు జరిగి, అంచులు తీరులేని ముద్దగా నుండును. ఈ భేదము తెలిసినచో అనవసరపు కోత తప్పును. అయినను చిత్రమే తుదితీర్పు కాదు. అనుమానమున్నచో సూదితో ముక్క తీసి పరీక్షింపవలసినదే.

గడ్డ లేని ప్రతి మగవాడును ఏటేట చిత్రము తీయించుకొనవలెనని నేననను. అది వట్టి దండుగ. తల్లికో అక్కకో ఈ వ్యాధి వచ్చినవారు మాత్రము వైద్యుని అడుగవలెను. బీఆర్‌సీఏ 2 అను జన్యువులోని లోపము తల్లినుండి కుమారునకును, తండ్రినుండి కుమార్తెకును రాగలదు.

పై రైతు కుమారుని వెంటబెట్టుకొని మరల పోయెను. క్యాన్సరే యని తేలినది. చంకలోని గ్రంథులకు అప్పటికే ప్రాకియున్నది. మొదట చేతికి తగిలిన నాడు అది సెనగగింజంత యుండెనట.