గుంటల లెక్క ఎవరు సరిచూడాలి?

మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణం బోధను నేలకు నీటితోబాటు చెరకును తెచ్చినది. ఆ చెరకును నమ్ముకొని 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం అక్కడొక శక్కర్‌నగర్‌ను వెలయించి ఊరుకోలేదు. ఆ ప్రాంతానికి ఒక వృత్తివిద్యను కూడ ఇచ్చినది. చక్కెర మిల్లులో అన్నింటికన్న సున్నితమైన పని పాను దగ్గర ఉంటుంది. గాలి తీసివేసిన ఆ పెద్ద పాత్రలో రసం చిక్కబడి పలుకు కట్టే ఘడియను గుర్తించవలసినవాడు పాన్‌మ్యాన్. అతడు కొంచెం పాకాన్ని బయటికి తీసి, గాజుపలకపై రాచి, వెలుతురుకెత్తి పలుకును చూస్తాడు. పాకాన్ని ఉడికించే శ్రమ అతనిది కాదు, అది ఆవిరి చూసుకొంటుంది. రసం ఎప్పుడు వదలాలి, ఎప్పుడు ఆపాలి, పాను ఎప్పుడు దించాలి అని తేల్చి చెప్పడమే అతని ఉద్యోగం. ఆ చూపు పుస్తకం చదివితే వచ్చేది కాదు. కొన్ని సీజన్లపాటు పెద్ద పనివాని పక్కన సహాయకుడుగా నిలబడితే గాని అబ్బదు.

ఆ కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. ఆ మూతకు కారణాలు వేరు. యంత్రాన్ని నిందించి లాభం లేదు. కాని మిల్లు ఆగిన నాడు జీతాలతోబాటు సహాయకులు నిలబడి నేర్చుకొనే ఆ చోటు కూడ పోయినదని గుర్తించినవారు తక్కువ. నేడు సాఫ్ట్‌వేరు వృత్తిని గురించి ఆలోచించేవారు ముందుగా గమనించవలసిన సంగతి ఇదే.

నిజామాబాదు, బోధను పట్టణాలలో రైతుల, బీడీ కార్మికుల, చిరుద్యోగుల బిడ్డలు పాతికేళ్లుగా చూస్తున్న కొలువు అది. 1998లో హైదరాబాదులో సైబరు టవర్లు వెలసిన నాటి నుండి ఇంజనీరింగు చదువు, అమీరుపేట శిక్షణ, ఆపైన కంపెనీలో మొదటి జీతం అనే దారి ఇంటింటికీ తెలిసిపోయినది. 2023 ఆగస్టులో నిజామాబాదులోనే ఐ.టి. హబ్ తెరవడంతో ఆ దారి తమ గడపకే వచ్చినదన్న ఆశ కూడ పుట్టినది. సరిగా ఆ రోజులలోనే ఆ పని స్వరూపం మారనారంభించినది.

2021లో గిట్‌హబ్ సంస్థ చూపిన కోపైలట్ అనే సాధనం ప్రోగ్రామరు ఒక పంక్తి మొదలుపెట్టితే మిగిలిన పంక్తిని అందించేది. అంతవరకు అది చురుకైన లేఖకుని వంటిది. 2025లో వచ్చిన క్లాడ్ కోడ్, కోడెక్స్ మొదలైన ఏజెంట్ల పద్ధతి వేరు. ఫలానా దోషం ఉన్నదని మామూలు మాటల్లో చెబితే చాలు. ఏజెంటు తానే ఫైళ్లన్నీ తెరచి చదువుతుంది, ఏది మార్చాలో ఆలోచన వేసుకొంటుంది, మార్చుతుంది, పరీక్షలు నడిపి చూస్తుంది, అవి తప్పితే మరల దిద్దుతుంది. అంతా అయిన తరువాత మనిషి ముందుంచుతుంది. తమ సంస్థ ప్రోగ్రాములలో 20 నుండి 30 శాతం దాకా యంత్రమే వ్రాస్తున్నదని మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల 2025 ఏప్రిలులో చెప్పినాడు. హైదరాబాదులో పుట్టి అక్కడే బడికి పోయినవాడు కనుక ఆ మాట మన విద్యార్థులకు మరింత దగ్గరగా వినిపించినది.

ఇక ప్రోగ్రామింగు నేర్వనక్కరలేదని కొందరు, యంత్రం చేసేది ఎప్పటికీ గిల్టు పనియే అని మరికొందరు వాదిస్తున్నారు. రెండు వాదాలూ తొందరపాటువే. ఒక చిన్న లెక్కతో ఈ సంగతి తేలుతుంది.

బోధను పరిసరాలలోని ఒక సహకార సంఘం తన సభ్యుల భూమి లెక్కలకు ప్రోగ్రాము కావాలన్నదనుకొందాము. తెలంగాణ పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం ఎకరాలు, గుంటలలో ఉంటుంది. ఎకరానికి 40 గుంటలు. 2.20 అని వ్రాసి ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు. నడుమనున్న చుక్క దశాంశపు చుక్క కాదు. ఈ సంగతి ఆ జిల్లాలో అయిదో తరగతి పిల్లవానికి కూడ తండ్రి నోట వినబడి ఉంటుంది. ఏజెంటుకు ముందుగా తెలుపకపోతే అది 2.20ని దశాంశంగా చదివే ప్రమాదమున్నది. అప్పుడా భూమి రెండెకరాల ఎనిమిది గుంటలవుతుంది. రైతు పన్నెండు గుంటలు నష్టపోతాడు. 2025 జనవరిలో అమలైన రైతుభరోసా లెక్కన ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు గనుక, ఆ ఒక్క చుక్కకు 3,600 రూపాయలు ఎగిరిపోతవి.

పరీక్షించి చూస్తే దొరకదా అని అడుగవచ్చు. దొరకకపోవచ్చును. 1.10కి 2.05 కలిపితే దశాంశం ప్రకారమూ 3.15, గుంటల ప్రకారమూ 3.15. గుంటల మొత్తం నలభైకి లోబడినంత వరకు కూడికలో తప్పు బయటపడదు. 1.30కి 1.20 కలిపి చూడాలి. యంత్రం 2.50 అంటుంది, నిజమైన జవాబు మూడెకరాల పది గుంటలు, అనగా 3.10. అన్ని పరీక్షలూ నెగ్గినవని ఏజెంటు సంతోషంగా నివేదించిన చోట, ఆ పరీక్షల సంఖ్యలు ఎవరు ఎన్నినారని అడిగేవాడు ఉండాలి. పరీక్ష నెగ్గడానికి పరీక్షనే మార్చివేయడం, లేని ఫంక్షనును ఉన్నట్లు వాడడం కూడ ఈ సాధనాలలో కనబడిన దోషాలే. గాజుపలకపై పాకం రాచి చూడడమంటే ఇక్కడ ఇదే.

ఈ సాధనాల వేగం మీద కూడ భ్రమలున్నవి. 2025 జూలైలో మెటర్ అనే పరిశోధన సంస్థ అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్లను తమకు బాగా తెలిసిన పనులపైనే పరీక్షించినది. యంత్రసహాయం తీసుకొన్నప్పుడు వారికి 19 శాతం ఎక్కువ కాలం పట్టినది. వారు మాత్రం 20 శాతం త్వరగా ముగించినామని నమ్మినారు. ఆ తరువాత సాధనాలు మెరుగుపడినవి గనుక ఆ సంఖ్యను శిలాశాసనంగా పట్టుకొనరాదు. కాని ఆ నమ్మకానికీ, గడియారానికీ మధ్య ఉన్న దూరం మాత్రం ఆలోచింపదగినది. 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పతి ప్రోగ్రామును చదవకుండానే యంత్రం చేత వ్రాయించుకొనే ధోరణికి వైబ్ కోడింగు అని పేరు పెట్టినాడు. వారాంతపు సరదా పనులకు అది బాగానే ఉంటుందని ఆయనే అన్నాడు. తరువాతివారు పేరును ఉంచుకొని షరతును వదలివేసినారు.

అన్నింటికన్న కష్టమైన చిక్కు కొత్తవారిది. కొత్తగా చేరిన పిల్లలకు కంపెనీలు చిన్న దోషాలు దిద్దే పని, పరీక్షలు వ్రాసే పని ఇచ్చేవి. ఏజెంటు ముందుగా అందుకొన్నది ఆ పనులనే. అమెరికాలో 22 నుండి 25 ఏళ్ల ప్రోగ్రామర్ల ఉద్యోగాలు 2022 చివరి స్థాయి నుండి 2025 జూలై నాటికి సుమారు 20 శాతం తగ్గినవని స్టాన్‌ఫర్డు ఆర్థికవేత్తలు 2025 ఆగస్టులో తెలిపినారు. అదే ఏడు జూలైలో టి.సి.ఎస్. తన ఉద్యోగులలో 2 శాతాన్ని, అనగా సుమారు 12,000 మందిని తగ్గించనున్నట్లు ప్రకటించినది. దానికి కృత్రిమ మేధ కారణం కాదని ఆ సంస్థ చెప్పినది. ఆ మాటను ఉన్నదున్నట్లు గ్రహించడం న్యాయం. ఐనను సహాయకుని చోటు ఇరుకవుతున్నదన్నది కాదనరాదు. సహాయకుడే లేకపోతే పదేళ్ల తరువాత పాను దగ్గర నిలబడేదెవరు? ఈ ప్రశ్న కంపెనీలు తమ లాభం కోసమైనా వేసుకోవలసినది. కొత్తవారిని తీసుకొని, ఏజెంటు చేసిన మార్పులను పెద్దల పక్కన కూర్చుండి పరిశీలించే పని వారికి అప్పగించడం అసాధ్యమేమీ కాదు. ఖర్చు మాత్రం కొంత ఉన్నది; దానిని విద్యార్థి నెత్తిన రుద్దడం అన్యాయం.

బడులు, కళాశాలలు చేయగలిగినది వేరే ఉన్నది. ఏజెంటుకు పని చెప్పడమంటే వాక్యం వ్రాయడమే. ఉత్వసంధి నిత్యమని, ఇత్వసంధి వైకల్పికమని, ఫలానా చోట సంధి లేదని నియమాలను, మినహాయింపులను వేరుచేసి చెప్పే తెలుగు పండితుడు, తెలియకుండానే ఈ విద్యలో సగం బోధిస్తున్నాడు. ఏది ఎప్పుడూ జరగాలి, ఏది జరిగినా జరగకపోయినా సరే, ఏది ఎన్నడూ జరగరాదు అన్నది సందిగ్ధం లేకుండా వ్రాయగలిగిన విద్యార్థికి ఏజెంటు మంచి పనివాడు. అది వ్రాయలేనివానికి అదే ఏజెంటు తప్పులను ఒప్పుల వలె అలంకరించి ఇస్తుంది. గైడు పుస్తకం చూసి జవాబులు బట్టీ పట్టించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

కనుక మార్చవలసినది పరీక్షాపద్ధతి. ప్రాక్టికల్సులో విద్యార్థి చేత ప్రోగ్రాము వ్రాయించడంతో సరిపెట్టక, ఏజెంటు వ్రాసిన ప్రోగ్రామును అతని ముందుంచి, దానిలోని దోషాన్ని బయటపెట్టే రెండు సంఖ్యలను అతనినే ఎన్నుకొమ్మని అడుగవచ్చును. 1.10, 2.05 ఎన్నుకొన్నవానికి సున్న; 1.30, 1.20 ఎన్నుకొని కారణం నాలుగు వాక్యాలలో వ్రాసినవానికి పూర్తి మార్కులు. కంప్యూటరు అధ్యాపకుడు, లెక్కల ఉపాధ్యాయుడు, తెలుగు పండితుడు ఒక మధ్యాహ్నం కలిసి కూర్చుంటే ఇట్టి ప్రశ్నలు వచ్చే వార్షిక పరీక్షలకే సిద్ధం కాగలవు.