లోడు సేటుది, లైసెన్సు మనది

షోలాపూర్ రోడ్డు మీద కాంటా ఎక్కిస్తే బండిలో లోడు ఎక్కువుందని తేలుతుంది. మరాఠీలో రాసిన కాగితం డ్రైవరు చేతిలో పెడతారు. ఫోన్ చేస్తే సేటు ఏమంటాడు? "కట్టేసి రా, జీతంలో చూసుకుందాం" అంటాడు. ఆ లోడు ఎక్కించమన్నది ఎవరు? తెల్లారేసరికి సరుకు దిగాలని తరిమింది ఎవరు?

మాలపల్లి నుంచి, మాదిగ గూడెం నుంచి క్లీనరుగా ఎక్కి స్టీరింగు దాకా వచ్చిన మన పిల్లలకు ఆస్తి అంటే ఆ లైసెన్సే. అదీ ఊరికే రాలేదు. ఎనిమిదో తరగతి పాసైతేనే లారీ లైసెన్సని ఏళ్ల తరబడి గుమ్మం బయట నిలబెట్టారు. 2019లో గాని ఆ నిబంధన ఎత్తెయ్యలేదు.

పరాయి రాష్ట్రం కేసు అక్కడే పోయిందిలే అనుకుంటున్నారు మనోళ్లు. పోదు. 1988 మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. కాబట్టి దేశంలో ఎక్కడైనా దాని మీద చెయ్యి పడొచ్చు. స్పీడు కేసులో పోలీసు 206 కింద లైసెన్సు తీసుకొని లైసెన్సింగ్ అధికారికి పంపొచ్చు. 19వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలలు బండి ముట్టుకోనియ్యరు, మళ్లీ దొరికితే రద్దే. రద్దు చేసిన ఆఫీసు వేరైతే, లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకు కబురు పంపాలని కూడా చట్టంలోనే ఉంది. మూడు నెలలు పొయ్యి ఎట్లా వెలగాలో మాత్రం ఏ సెక్షన్లోనూ రాయలేదు.

ఓవర్‌లోడుకు 2019 సవరణ 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000 చొప్పున జరిమానా పెట్టింది. 194వ సెక్షన్ నడిపినోడినే కాదు, నడిపించినోడినీ పట్టమంటుంది. 183 ఇంకా ముందుకు పోయింది. స్పీడు మీరితే తప్ప చేరలేని టైము పెట్టి పంపితే, ఆ పంపినోడి నేరానికి ఆ ఆర్డరే సాక్ష్యమంటుంది. ఈ ముక్క మీద ఎంతమంది సేట్లు కోర్టు మెట్లెక్కారు? (మన ఊళ్లో దొర ఇసుక లారీ కాంటా ముఖం ఎందుకు చూడదో వేరే చెప్పాలా?)

కెమెరా పట్టేది బండి నంబరును. నోటీసు ఓనరుకు పోతుంది. నడిపిందెవరో 133 కింద చెప్పాల్సింది అతనే. తనకు అనుకూలంగా ఎవరి పేరు రాసిచ్చినా అడిగే దిక్కుండదు. అందుకే ట్రిప్పుకు ముందే లోడు కాగితం నకలు మన దగ్గర ఉండాలి. టైము చెప్పిన ఫోను మెసేజి చెరపొద్దు.

లైసెన్సు గుంజుకుంటే రసీదు ఇయ్యాల్సిందే. కాని స్పీడు కేసులో గుంజుకుంటే, లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా ఆ రసీదు మీద బండి నడపడానికి వీల్లేదు. మన మాట వినకుండా 19 కింద ఆర్డరు వెయ్యడానికి వీల్లేదు. వేసినా, అందిన 30 రోజుల్లోగా అప్పీలుంది. కన్నడంలోనో మరాఠీలోనో వచ్చిన కాగితం అర్థం కాలేదని పెట్టెలో దాచొద్దు. సంఘం ఆఫీసుకు పట్టుకు రండి, తేదీ చూసి అదే రోజు అర్జీ రాద్దాం.