అలుక్కుపోయిన బొమ్మను ఎంతవరకు నమ్మాలి?

జనగామ నుంచి కాజీపేటకు రైలులో వెళ్తూ కిటికీలోంచి ఒక ఫోటో తీసి చూడండి. దూరాన ఉన్న గుట్ట బాగానే వస్తుంది. పట్టాల పక్క స్తంభం మాత్రం అలుక్కుపోతుంది. ఎందుకని? లెక్క కట్టండి. రైలు వేగం గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. షట్టరు సెకనులో 50వ వంతు తెరిచి ఉంటే ఆ కాస్తలోనే 40 సెంటీమీటర్లు జరిగిపోతాం. దూరపు గుట్టకు అది లెక్కలోకి రాదు, దగ్గరి స్తంభానికి చాలా ఎక్కువ. 1000వ వంతే తెరిస్తే జరిగేది 2 సెంటీమీటర్లే. అయితే లోపలికి వచ్చే వెలుతురు కూడా 20వ వంతుకు పడిపోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఎగిరే డ్రోనుకూ, ఉపగ్రహానికీ ఇదే తిప్పలు. ఉపగ్రహం కింద నేల సెకనుకు సుమారు 7 కిలోమీటర్లు జారిపోతుంది. అంటే సెకనులో వెయ్యోవంతుకు 7 మీటర్లు! మరి మీటరు కన్నా చిన్న వస్తువును పట్టడం ఎట్లా? 2007 జనవరి 10న ఇస్రో పంపిన కార్టోశాట్-2 ముందుకు పోతూనే చూపును వెనక్కి వాల్చేది. దాటిపోతున్న మర్రిచెట్టును మీరు మెడ తిప్పుతూ చూస్తారు గదా, అదే పని.

2006లో రమేశ్ రాస్కర్, ఆయన సహచరులు ఇంకో ఉపాయం చూపారు. షట్టరును ఒకేసారి తెరిచి మూయకుండా, ముందే అనుకున్న వరుసలో టపటపా పలుమార్లు తెరిచి మూశారు. ఆ వరుస తెలుసు కనుక కంప్యూటరు వెనక్కి లెక్కగట్టి అసలు బొమ్మను రాబట్టగలిగింది. మామూలు షట్టరుతో అయితే కొన్ని సన్నని వివరాలు మొత్తానికే పోతాయి. ఒక సంఖ్యను సున్నాతో గుణించి ఇస్తే, ఆ సంఖ్య ఏదో మీరు చెప్పగలరా?

"ఇప్పుడు ఫోనులో మీట నొక్కితే చాలు సార్, బొమ్మ బాగవుతుంది" అంటారు మా పిల్లలు. అవుతుంది, కాదనను. కాని పోయిన చోట అది వేస్తున్నది వేల ఫోటోలు చూసి నేర్చుకున్న ఊహను. పెళ్లి ఫోటోకైతే నాకేమీ అభ్యంతరం లేదు. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. జనాన్ని హెలికాప్టర్లలో కాపాడవలసి వచ్చింది. అటువంటి రోజున డ్రోను తీసిన చెదిరిన బొమ్మలో, డాబా మీద ఒక మచ్చ కనబడిందనుకోండి. మనిషా, నీళ్ల డ్రమ్మా? యంత్రం దాన్ని మచ్చలేని డాబాగా నున్నగా దిద్దేస్తే?

అందుకే నా మాట ఇది. మసకను ఫోటో తీసేటప్పుడే ఆపాలి. మిగిలినదాన్ని లెక్క ఒప్పుకున్నంతవరకే బాగుచేయాలి. ఊహతో నింపిన బొమ్మ ఇస్తే, అసలు బొమ్మను కూడా పక్కనే పెట్టాలి.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. కాగితం మీద మూడు అంకెలు రాసి సైకిలు చక్రానికి అంటించండి. చక్రం తిప్పి ఫోటో తీసి, ఆ మీట నొక్కండి. అంకెలు ముందుగా తెలియని స్నేహితుణ్ణి పిలిచి చదవమనండి.