పంతంగి దగ్గర వెనక సీటు కూడా చూడండి

తెలంగాణ రవాణా శాఖ కమిషనర్ గారికి,

సంక్రాంతి సెలవులిస్తే చాలు, కూకట్‌పల్లి నుంచీ దిల్‌సుఖ్‌నగర్ నుంచీ కార్లన్నీ 65వ నంబరు జాతీయ రహదారి పట్టి విజయవాడ వైపు కదులుతాయి. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజాలో కట్టిన బారుల్ని టీవీలన్నీ చూపిస్తాయి. ఎన్ని వేల బండ్లు దాటాయో లెక్క చెబుతాయి. ఆ బండ్ల వెనక సీట్లలో ఎవరు ఎలా కూర్చున్నారో మాత్రం ఆ లెక్కలో ఉండదు. ఈ ఉత్తరం ఆ వెనక సీటు గురించే.

పోయిన సంక్రాంతికి మేమూ ఆ బారులో ఉన్నాం. మావారు నడుపుతున్నారు, పక్కన నేను. ఇద్దరం బెల్టు పెట్టుకున్నాం. వెనక మా అత్తయ్య, ఆవిడ ఒడిలో మూడేళ్ల మా పాప. సూర్యాపేట దాటాక, ఇంకా తెల్లవారని పొగమంచులో, రోడ్డు అంచున ఒక్క లైటైనా లేకుండా ఆగి ఉన్న లారీ ఉన్నట్టుండి ఎదురైంది. ఆయన బ్రేకు తొక్కారు. కారు ఆగింది, లారీకి తగల్లేదు. కానీ పాప ఆవిడ చేతుల్లోంచి ఎగిరిపోయి, నా సీటు తలదిండు కింద ఉండే ఇనప కడ్డీకి కొట్టుకుంది. కోదాడలో నుదుటి మీద నాలుగు కుట్లు వేశారు. ఊరు చేరేదాకా, చేరాక కూడా అత్తయ్యది ఒకటే మాట: "గట్టిగానే పట్టుకున్నానమ్మా."

పట్టుకున్నారు. నాకు అందులో ఏ అనుమానమూ లేదు. కానీ ఆ పని మనిషి చేతుల వల్ల అయ్యేది కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. ఒళ్లో ఉన్న 10 కిలోల బిడ్డను ఆపడానికి ఆ క్షణంలో దాదాపు 140 కిలోలు మోసినంత బలం కావాలి. ఇంచుమించు రెండు ధాన్యం బస్తాలు. వేగం 100 అయితే ఆ బలం రెట్టింపు కావాలి. ఈ లెక్క తెలిశాక అత్తయ్యకు చెప్పాను. తన తప్పు కాదని అప్పటికిగానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఆ రోజు ఆవిడ బెల్టు పెట్టుకోవాలనుకున్నా కుదిరేది కాదు. బెల్టు ఉంది, అది దిగే బకిల్ కనిపించదు. సీటు కవర్లు వేయించినప్పుడు కుట్టు కిందికి తోసేశారు. షాపుకెళ్లి అడిగితే "గుచ్చుకుంటుందని అందరూ లోపలికే వేయించుకుంటారు మేడం" అన్నాడు ఆ అబ్బాయి. అప్పటినుంచీ ఎవరి కారెక్కినా, క్యాబ్ ఎక్కినా వెనక సీట్లో చెయ్యి పెట్టి వెతకడం నాకు అలవాటైంది. చాలా వాటిలో బకిల్ దొరకదు. బెల్టు పెట్టకపోతే మోగే బీప్‌ను నొక్కేసే క్లిప్పులు కూడా బజార్లో దొరికేవి. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలకు ఆదేశాలిచ్చి 13,118 క్లిప్పుల ప్రకటనలు తీయించింది. అలాంటి పట్టుదల వెనక సీటు మీద కూడా కావాలి.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో సీటు బెల్టు లేక చనిపోయినవారు 16,715 మంది. వారిలో 8,331 మంది బండి నడుపుతున్నవారు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవారు. అదే ఏడాది సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను గుద్దుకుంది. ముందున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు. మన దగ్గర సినీనటుడు నందమూరి హరికృష్ణ గారిని 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో పోగొట్టుకున్నాం. ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పుడు పోలీసులే చెప్పారు. కొన్నాళ్లు అందరం బెల్టుల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత మళ్లీ కవర్లు కుట్టించుకున్నాం.

చట్టం లేక కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోతే 1,000 రూపాయల జరిమానా. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు మా అపార్ట్‌మెంటులో ఒక్కరూ లేరు. నాకూ కుట్లు పడ్డాకే తెలిసింది. అమెరికాలో పురిటి బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి ముందే కారు సీటు కొనిపెట్టుకునే మన పిల్లలు, శంషాబాద్‌లో దిగగానే అదే బిడ్డను ఒళ్లో పెట్టుకుని నాలుగొందల కిలోమీటర్లు పోతారు. ఆ దేశంలో ఎవరో ఒకరు అడుగుతారు, ఇక్కడ అడగరు. నాకు తోచిన తేడా అంతే.

అడిగేవారు మీరు కావాలని నా కోరిక. పండగ రద్దీలో ప్రతి కారునూ ఆపమనడం లేదు. పంతంగిలో ఎలాగూ బండ్లు నెమ్మదిస్తాయి. అక్కడ మీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు నలుగురు నిలబడి వెనక అద్దం దించమనండి. ఒళ్లో పిల్ల ఉన్నా, సన్‌రూఫ్‌లోంచి పిల్లాడు తల బయటపెట్టినా కారు పక్కకు తీయించండి. ఈ ఏడాదికి జరిమానా వద్దు. కవరు కింది బకిల్ పైకి లాగించి, పెద్దావిడకు బెల్టు పెట్టించి పంపితే చాలు. కొత్త కారుకు నంబరిచ్చేటప్పుడు, క్యాబ్‌లకు ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు మీవాళ్లు వెనక బెల్టు ఒక్కసారి పెట్టి తీసి చూడాలి. డ్రైవింగ్ పరీక్షకొచ్చినవాణ్ని ఎనిమిది వేయమనే ముందు "వెనకున్నవాళ్లు బెల్టు పెట్టుకున్నారా?" అని అడిగే అలవాటు చేయించాలి. సీటు కవర్ల షాపులవాళ్లను పిలిచి మాట్లాడండి. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఎవరూ చెప్పలేదు. చిల్లకల్లు టోల్‌ప్లాజా దగ్గర ఆంధ్ర అధికారులూ ఇదే చేస్తే మా దారి మొత్తానికి కాపలా ఉన్నట్టే.

పిల్లల సీటు ఖరీదు వేలల్లో ఉంది. అందరూ కొనలేరు. దాని మీద పన్ను తగ్గించమని మీ తరఫున ప్రభుత్వానికి రాయగలిగితే రాయండి. మేం దసరా బోనసుతో కొన్నాం. మొదటి రెండు రోజులు పాప ఏడ్చింది, మూడో రోజు నుంచి అందులోనే నిద్రపోతోంది.

ఈసారి భోగికి రెండు రోజుల ముందు బయల్దేరుతున్నాం. బూడిదరంగు కారు. వెనక ఎడమవైపు పాప సీటు, కుడివైపు అత్తయ్య. పంతంగిలో మీ మనిషి అద్దం దించమంటే మేం విసుక్కోం. బెల్టు ముందుగా అత్తయ్యే చూపిస్తారు.

ఇట్లు,
ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్