ఆదాయం ఒకటే, పన్ను వేరు

ఆరు దశాబ్దాలకు పైగా అమలులో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. సెక్షన్ల సంఖ్య 819 నుంచి 536కు తగ్గింది. గత సంవత్సరం, మదింపు సంవత్సరం అనే గందరగోళం తొలగి, ‘పన్ను సంవత్సరం’ ఒక్కటే మిగిలింది. భాష సులభమయిన మాట నిజం. అయితే పన్ను భారం న్యాయంగా పంపిణీ అవుతున్నదా అనే ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

2025 బడ్జెట్ ప్రకారం, కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల రూపాయల వరకు సాధారణ ఆదాయంపై పన్ను లేదు. వేతన జీవులకు 75 వేల రూపాయల ప్రామాణిక తగ్గింపు అదనం. మధ్యతరగతికి ఇది గణనీయమైన ఊరట. ఈ పరిమితి దాటిన తరువాతనే అసలు తేడా కనిపిస్తుంది.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లోని మోవా ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడ ఉద్యోగుల కాలనీలు, వర్తకుల దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. ఏటా 15 లక్షల వేతనం పొందే ఉద్యోగి, సెస్సుతో కలిపి 97,500 రూపాయల పన్ను చెల్లించాలి. జీతం చేతికి అందకముందే ఆ మొత్తం మినహాయింపు అవుతుంది. ఏటా 2 కోట్ల రూపాయల అమ్మకాలు, వాటికి పూర్తిగా డిజిటల్ చెల్లింపులు ఉన్న చిన్న వర్తకుడు అంచనా పన్ను విధానాన్ని ఎంచుకోవచ్చు. అందులో కనీస లాభం 6 శాతం, అంటే 12 లక్షలు. ఆ మేరకే చూపితే పన్ను సున్నా. అంతకు మించి లాభం వస్తే చూపాలని చట్టం చెబుతున్నది. కానీ ఖాతా పుస్తకాలు రాయనవసరం లేనప్పుడు అసలు లాభం తేల్చడం కష్టం. చిన్న వర్తకులకు లెక్కల భారం తగ్గించే ఈ సదుపాయం అవసరమైనదే. అయినా దాపరికానికి తావులేని ఆదాయం వేతన జీవిదే.

వ్యవసాయ ఆదాయానిది మరో కథ. దానిపై పన్ను విధించే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు ధాన్యాన్ని క్వింటాలు 3,100 రూపాయల చొప్పున కొంటున్నారు. ఆ లెక్కన ఎకరాకు 65,100 రూపాయలు, అదీ పెట్టుబడి తీయకముందు. ఇలాంటి చిన్న రైతును పన్ను పరిధిలోకి తేవాలని ఎవరూ కోరరు. కోట్ల రూపాయల ఆదాయం ఉన్న భూస్వామికీ అదే మినహాయింపు ఎందుకన్నదే ప్రశ్న. పెద్ద కమతాలపై పన్ను విధించాలని 1972లోనే కె.ఎన్. రాజ్ కమిటీ సూచించింది. అది ఆచరణకు నోచుకోలేదు.

శ్రమకూ పెట్టుబడికీ మధ్య కూడా ఈ వ్యత్యాసం ఉన్నది. 24 లక్షలు దాటిన వేతనంపై రేటు 30 శాతం. ఏడాదికి మించి ఉంచుకున్న లిస్టెడ్ షేర్ల అమ్మకంలో 1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతమే. మరోవైపు ఆదాయపు పన్ను కట్టని కూలీ కూడా సబ్బు కొన్న ప్రతిసారీ జీఎస్‌టీ చెల్లిస్తూనే ఉన్నాడు. పన్ను కట్టేవారు కొద్దిమందేనన్న వాదన ఈ సంగతిని మరుగుపరుస్తుంది.

రేట్లు పెంచడం దీనికి పరిష్కారం కాదు. 1973-74లో గరిష్ఠ రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతానికి చేరినప్పుడు పెరిగింది ఎగవేతే. సమాన ఆదాయానికి సమాన పన్ను అనే సూత్రానికి దగ్గర కావాలంటే, రేటు కంటే ముందు లెక్కను సరిచేయాలి. ద్రవ్యోల్బణాన్ని బట్టి శ్లాబులను క్రమం తప్పకుండా సవరించడం, అంచనా పన్ను పరిమితులను వాస్తవ లాభాలతో సరిపోల్చడం, భారీ వ్యవసాయ ఆదాయాలపై రాష్ట్రాలతో చర్చించడం ఆ దిశలో తొలి అడుగులు. చట్టం చదవడానికి సులభమయింది. పక్కింటివారితో పోల్చుకున్నప్పుడు కూడా అది న్యాయంగా తోచిననాడే సంస్కరణ పూర్తయినట్లు.